రాత్రిని కొలిచే పూలు

కుప్పం దాటి కోలారు వైపో హోసూరు వైపో రాత్రిపూట బస్సులో వెళ్లేవాళ్లకు చీకట్లో దీపాలు వెలుగుతున్న పొలాలు అక్కడక్కడా కనిపిస్తాయి. మడి పొడవునా గుంజలు నాటి, తీగలు లాగి, వరుసగా బల్బులు కట్టి ఉంటారు. కొత్తవాళ్లు ఏదో పెళ్లి సందడి అనుకుంటారు. పంటకు కాపలా అనుకునేవాళ్లూ ఉన్నారు. అవి చామంతి తోటలు. నాటిన కొత్తలో కొన్ని వారాలపాటు నడిరేయి బల్బులు వెలిగించి రైతు ఆ మొక్క పూతను ఆపుతున్నాడు. మొక్క ముందు ఎదగాలి, పక్క కొమ్మలు వేయాలి, మొగ్గ తొడగడం ఆ తర్వాతి సంగతి.

ఈ అధ్యాయం చామంతికి దూరపు చుట్టమైన రుడ్‌బెకియా గురించి. ఆ బల్బుల సంగతి తెలియకపోతే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి మన పడమటి మండలాల్లో రుడ్‌బెకియాను పూయించడం కష్టం.

ఉత్తర అమెరికా గడ్డిమైదానాల మొక్క ఇది. పసుపు రేకులు, మధ్యలో పొడుచుకొచ్చిన ముదురు గోధుమరంగు దిమ్మ. మేరీలాండు రాష్ట్రం 1918లోనే దీన్ని తన పువ్వుగా ప్రకటించుకుంది. ఆ రాష్ట్రంలోనో, చుట్టుపక్కలో ఉన్న పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులు జూన్, జులై నెలల్లో రోడ్ల పక్కన విరగబూసిన ఆ పూలను చూసి ముచ్చటపడతారు. మదనపల్లె కూడా చల్లని ఊరే కదా, అక్కడ పూసింది ఇక్కడ పూయదా అనుకుంటారు. ఆశ న్యాయమైనదే. విత్తు మొలుస్తుంది, ఆకులు వేస్తుంది, నేలకు అంటుకొని గుండ్రంగా పరుచుకుంటుంది. ఇక అక్కడే ఆగిపోతుంది. నెలలు గడిచినా కాడ పైకి లేవదు. ఎరువు మారుస్తారు, మట్టి మారుస్తారు, కుండీ మారుస్తారు. మొక్క పచ్చగానే ఉంటుంది, పువ్వు మాత్రం రాదు.

మట్టికీ ఎరువుకూ దీనితో సంబంధం లేదు. ఇక్కడి రాత్రి ఆ మొక్కకు మరీ పొడవైపోయింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 13 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఇక్కడ ఏడాదిలో అతి పొడవైన పగలు, అంటే జూన్ 21 నాటిది, 13 గంటలకు ఓ ఐదు నిమిషాలు తక్కువ. డిసెంబరులో అతి చిన్న పగలు 11 గంటల 20 నిమిషాలు. మొత్తం ఏడాదిలో తేడా గంటన్నర పైచిలుకు, అంతే. మేరీలాండులో జూన్ పగలు దాదాపు 15 గంటలు. స్వీడన్‌లోని ఉప్సలా పట్నంలో 18 గంటలు దాటుతుంది. ఉప్సలా పేరు ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, ఈ మొక్కకు రుడ్‌బెకియా అన్న పేరు వచ్చింది ఆ ఊరి పండితుల వల్లనే. ఉప్సలాలో 1655లో వృక్షశాస్త్ర ఉద్యానవనాన్ని నెలకొల్పిన పెద్ద ఓలోఫ్ రుడ్‌బెక్, ఆయన కొడుకు చిన్న ఓలోఫ్ రుడ్‌బెక్. చిన్నాయన ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పిన పేద విద్యార్థి లిన్నేయస్ తర్వాత ప్రపంచంలోని మొక్కలన్నిటికీ పేర్లు పెట్టే పని చేపట్టినప్పుడు, తనను ఆదుకున్న ఆ కుటుంబం పేరు ఈ పువ్వుకు పెట్టాడు.

చలికి పూసే పువ్వు, ఎండకు పూసే పువ్వు అని మనం అనుకునే వాటిలో చాలావాటికి అసలు లెక్క వేడీ చలీ కాదు. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, పక్కనే హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు. కొండ ఎక్కితే ఎండ తీవ్రత మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి పొడవు మాత్రం కొండ మీదా కింద ఊళ్లోనూ ఒక్కటే. అందుకే చల్లని చోటికి తీసుకెళితే పూస్తుందన్న ఆశ ఈ మొక్క విషయంలో నెరవేరదు. ఊటీకి తీసుకెళ్లినా అంతే, ఆ ఊరు భూమధ్యరేఖకు మనకన్నా ఇంకా దగ్గర.

మొక్క పూత పగటి పొడవు మీద ఆధారపడుతుందని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ నిరూపించారు. వాళ్ల దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. ఎండాకాలమంతా ఏపుగా పెరిగేది, పూసేది కాదు. చలికాలంలో గాజు ఇంట్లో ఉంచితే పూసేది. వేడి, తేమ, ఎరువు, అన్నీ మార్చి చూశారు. చివరికి ఎండాకాలంలోనే మొక్కలను రోజూ సాయంత్రం చీకటి గదిలోకి చేర్చి, పగటిని కుదించి చూస్తే పూత వచ్చింది.

ఆ తర్వాతి మలుపు తీసుకొచ్చిన మొక్క మన పొలం గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే మరులమాతంగి. దాని ముళ్ల కాయలు గొర్రెల ఉన్నికి, పంచె అంచులకు పట్టుకుంటాయి. పీకి పారేయడమే తప్ప ఎవరూ దానివైపు రెండోసారి చూడరు. అదీ చామంతి కుటుంబానిదే. 1938లో హామ్నర్, బోనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని మీద ప్రయోగం చేశారు. ఎడతెగకుండా ఎనిమిదిన్నర గంటలకు మించి చీకటి ఉంటే అది పూస్తుంది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికేమీ పట్టలేదు. పొడవాటి రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే చాలు, పూత ఆగిపోయింది. అంటే మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. అదీ తెగని రాత్రిని. రాత్రిని మధ్యలో తెంచితే మొక్క లెక్కకు అవి రెండు చిన్న రాత్రులు. చామంతి తోటలో వెలిగే బల్బుకు పునాది ఇదే.

ఆ కొలత ఎక్కడ జరుగుతుంది? మొగ్గ వచ్చేది కొమ్మ చివర కాబట్టి కొలిచేదీ అక్కడేనని ఎవరికైనా అనిపిస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలో చామంతినే తీసుకొని పరీక్షించాడు. పైభాగం ఆకులు తుంచేసి, కింది ఆకులకు మాత్రమే పొడవైన రాత్రి అందేలా చేశాడు. ఆకుల్లేని పైకొమ్మ పగటి వెలుగులోనే ఎక్కువసేపు ఉన్నా పూసింది. రాత్రిని కొలిచేది ఆకు, అక్కడినుంచి కొమ్మ కొసకు కబురు వెళుతోంది. ఆ కబురు మోసే పదార్థానికి ఆయన ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఏమిటో తేల్చడానికి శాస్త్రానికి మరో 70 ఏళ్లు పట్టింది. ఆకులో తయారై, ఆహారం పారే నాళాల వెంట కొసకు చేరే ఒక చిన్న ప్రోటీన్ అని 2007లో వెలువడిన పరిశోధనలు చూపించాయి.

ఇక చీకటినీ వెలుగునూ పసిగట్టే కన్ను ఫైటోక్రోమ్ అనే నీలిఛాయ రంజకం. దానికి రెండు రూపాలు. ఎర్ర కాంతి పడితే ఒక రూపంలోకి, అంతకన్నా లోతైన, మన కంటికి ఆనీ ఆనని ఎరుపు పడితే రెండో రూపంలోకి మారుతుంది. చీకటిలో మొదటి రూపం మెల్లగా తరిగిపోతుంది. నడిరేయి దీపం పడగానే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రాత్రిని తెంచడానికి ఎర్ర వెలుగు బాగా పనిచేస్తుంది, అదీ చాలా తక్కువ వెలుగు సరిపోతుంది.

చామంతి పొడవైన రాత్రులకు పూసేది. మన ప్రాంతంలో రాత్రి ఎప్పుడూ పదకొండు గంటలకు తగ్గదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మే, జూన్ నెలల్లో పిలకలు నాటితే పెరిగి దసరా నుంచి సంక్రాంతి దాకా పూస్తుంది. చలికాలంలో నాటితేనే చిక్కు. జానెడు ఎత్తుకే మొగ్గ తొడిగి, నాలుగు పూలిచ్చి సరిపెడుతుంది. అక్కడ బల్బు అక్కరకొస్తుంది. సెంట్ ఎల్లో, పూర్ణిమ వంటి రకాలను పండుగ తేదీకి సరిగ్గా కోతకు తెచ్చే రైతు నేర్పంతా బల్బు ఎన్నాళ్లు వేయాలి, ఏ రోజు ఆపాలి అన్న దాంట్లోనే ఉంది. వీధిదీపం కింద పెరిగే చామంతిని గమనించండి. దీపం వైపు కొమ్మలు ఆకులతో నిండి ఉంటాయి, నీడ వైపు కొమ్మలు ముందు పూస్తాయి. ఇంతకన్నా తేలికైన ప్రయోగశాల ఏ బడిలోనూ ఉండదు. పిల్లలకు చూపించండి.

రుడ్‌బెకియా దీనికి సరిగ్గా ఎదురు. రాత్రి చిన్నదైతేనే కాడ లేపుతుంది. గోల్డ్‌స్టర్మ్ అనే రకం మీద మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1999లో వెలువడింది. పగలు 14 గంటలైనా ఉండాలి, లేదా రాత్రి మధ్యలో నాలుగు గంటలు దీపం ఉండాలి; రెండూ లేకపోతే, చలి తగలని మొక్క పూయలేదు. మదనపల్లెలో 14 గంటల పగలు ఏ నెలలోనూ రాదు. తొలిసంజ, మలిసంజ వెలుగు కూడా కొంత లెక్కలోకి వస్తుంది కాబట్టి, మేరీలాండు పువ్వు రకాల్లో కొన్ని మన ఎండాకాలంలో ఆలస్యంగానైనా ఒకటో రెండో కాడలు ఎత్తవచ్చు. తోటంతా నిండుగా పూయాలంటే మాత్రం దీపం తప్పదు. ఒకే బల్బు, ఒకే నాలుగు గంటలు, చామంతిని ఆపుతుంది, రుడ్‌బెకియాను కదిలిస్తుంది. చామంతి రైతు చేతిలోని ఉపాయాన్ని ఇంటి తోటలోకి తెచ్చుకుంటే చాలు, ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు.

ముందు విత్తనం సంగతి. అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవద్దు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనానికి అనుమతి పత్రాలు ఉండాలి, ఆ నిబంధన మన పంటల మేలుకే. విదేశాల నుంచి వచ్చిన వయ్యారిభామ ఇవాళ ఏ బంజరునూ వదలకుండా పాకిందని గుర్తుంచుకోవాలి, అదీ ఈ కుటుంబపు మొక్కే. బెంగళూరు విత్తన దుకాణాల్లో వెతికితే రుడ్‌బెకియా హిర్టా, అంటే మేరీలాండు పువ్వు రకాలు దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవే మేలు. గోల్డ్‌స్టర్మ్ వంటివి చలి తగిలితే ఇంకా బాగా పూసేవి, మన చలి వాటికి చాలదు.

మన ఊళ్లలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. ఆ తడిలో నారు పోస్తే నారుకుళ్లు తెగులు మొత్తం తుడిచిపెడుతుంది. వానలు వెనక్కి తగ్గాక, నవంబరు మొదట్లో విత్తుకోవడం మంచిది. విత్తనం చాలా సన్నం. టమాటా నారుకు వాడే ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, పైన చల్లి, కనీకనపడకుండా పొడి మట్టి దులపాలి. లోతుగా పూడిస్తే మొలవదు. 20 డిగ్రీలకు కాస్త పైన ఉండే వేడిలో వారం, రెండు వారాల్లో మొలక వస్తుంది. అయిదారు ఆకులు వేశాక అడుగున్నర ఎడంగా నాటుకోవాలి. కుండీ అయితే పన్నెండు అంగుళాలది, అడుగున నీరు పోయే కన్నాలతో.

మన ఎర్రనేల దీనికి బాగా సరిపోతుంది. నీరు నిలవదు, వేరుకు గాలి ఆడుతుంది. మాగిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్లు వేసి వదిలేయండి. యూరియా జోలికి వెళ్లొద్దు. అది గడ్డిమైదానంలో పెరిగిన మొక్క, ఎక్కువ తిండి పెడితే ఆకు మెత్తబడి, కాడ సన్నగా సాగి ఒరిగిపోతుంది. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఆకు మీద గరుకైన నూగు ఉంటుంది. ఎండనూ వడగాలినీ తట్టుకోవడానికి అది పనికొస్తుంది. అదే నూగు మీద సాయంత్రం నీళ్లు చల్లితే తడి రాత్రంతా నిలిచి ఆకుమచ్చ తెగులును తెస్తుంది. అందుకని నీరు ఉదయం పూట, మొక్క మొదలు దగ్గరే పోయాలి. డ్రిప్పు ఉంటే ఇంకా నయం. మొదళ్ల చుట్టూ వేరుశెనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. గాలి ఆడకుండా దగ్గర దగ్గరగా నాటినచోట బూడిద తెగులు వస్తుంది. కింది ఆకులు తీసేసి ఎడం కల్పించడమే దానికి తొలి మందు. లేత కొసలకు పేనుబంక పడితే నీటి ధారతో కొట్టండి, చాలకపోతే వేపనూనె.

జనవరి నడుమకు మొక్క పదీ పన్నెండు ఆకులతో గుండ్రంగా పరుచుకొని ఉంటుంది. అప్పుడు దీపం మొదలుపెట్టండి. మొక్కకు మూడడుగుల పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా. ఒక చిన్న టైమరు పెట్టుకుంటే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. తడి తగలని హోల్డరు, గట్టి తొడుగున్న వైరు వాడాలి, ఇందులో పొదుపు చేయకండి. 50 రాత్రులు వెలిగినా ఖర్చయ్యే కరెంటు రెండు యూనిట్లకు లోపే. ఒక్కరోజు మరిచిపోతే కొంపమునగదు కానీ వారానికి మూడు రోజులు మరిచిపోతే మొక్క మళ్లీ వెనక్కి తగ్గుతుంది. కొన్ని వారాలకు గుండ్రటి ఆకుల నడుమనుంచి ఒక కొస నిలువుగా లేస్తుంది. మొగ్గ కంటికి కనిపించేదాకా దీపం ఆపొద్దు. రకాన్ని, చలిని బట్టి రెండు మూడు నెలలకు పువ్వు విచ్చుకుంటుంది. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి మధ్యాహ్నం పూట కాస్త నీడ చూపించాలి. వాడిన పువ్వును కాడతో సహా కిందికి కత్తిరిస్తే పక్క మొగ్గలు త్వరగా వస్తాయి.

తొలి పువ్వు వచ్చాక దాన్ని కొయ్యకుండా నాలుగు రోజులు దగ్గరగా కూర్చొని చూడండి. మనం పువ్వు అంటున్నది ఒక్క పువ్వు కాదు, వందల పూల గుంపు. చుట్టూ ఉన్న ఒక్కో పసుపు రేకూ ఒక పువ్వే, అయితే అది గొడ్డు పువ్వు, గింజ కట్టదు. పిలవడమే దాని పని. గింజ కట్టేవి మధ్య దిమ్మలోని సన్నని గొట్టాల వంటి పూలు. అవి ఒకేసారి విచ్చవు. మొదటి రోజు దిమ్మ అంచున ఒక వరస మాత్రమే విచ్చి, పసుపు పుప్పొడి ఉంగరంలా కనిపిస్తుంది. మర్నాటికి ఉంగరం కాస్త పైకి జరుగుతుంది. కింది వరసలో పుప్పొడి అయిపోయి, ప్రతి గొట్టం నోట్లోంచి కీలం రెండుగా చీలి వెనక్కి వంగి ఉంటుంది. ఒక్కో చిన్న పువ్వూ ముందు మగదిగా, తర్వాత ఆడదిగా బతుకుతుంది. కింది అంచున వాలిన తేనెటీగ దిమ్మ చుట్టూ తిరుగుతూ పైకి ఎక్కుతుంది. ఇంకో మొక్కనుంచి తెచ్చిన పుప్పొడి ముందు కీలాలకు అంటుకుంటుంది, పైన కొత్త పుప్పొడి ఒంటికి పూసుకొని ఎగిరిపోతుంది. వరసల అమరిక చూస్తే మరో సంగతి తెలుస్తుంది. అవి రెండు దిక్కులా సుడులు తిరుగుతూ ఉంటాయి. లెక్కపెట్టండి, తరచుగా 13, 21, 34 వంటి అంకెలు వస్తాయి. పొద్దుతిరుగుడులోనూ ఇదే లెక్క.

మన కంటికి రేకంతా ఒకే పసుపు. తేనెటీగ కంటికి అలా కాదు. అతినీలలోహిత కాంతిని అది చూడగలదు. 1972లో థామస్ ఐస్నర్ బృందం ఈ పువ్వు రేకుల మొదళ్లలో ఆ కాంతిని పీల్చుకునే ఫ్లేవనాల్ పదార్థాలు ఉన్నాయని తేల్చింది. రేకు కొసలు ఆ కాంతిని తిప్పికొడతాయి. కాబట్టి తేనెటీగకు దిమ్మ చుట్టూ ఒక పెద్ద ముదురు వలయం కనిపిస్తుంది, మకరందం ఉన్న చోటికి దారి అది.

తోటలో దీనికి జోడీగా ఏది పెట్టాలంటే నా మాట బంతి. బంతిదీ అమెరికా పుట్టుకే, ఎప్పుడో మనదైపోయింది. రాత్రి పొడవు పెరిగితే త్వరగా పూస్తుంది, పెరగకపోయినా పూస్తుంది, అంత పట్టింపు లేని మొక్క. టమాటా పండించే మదనపల్లె రైతులకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. కాయతొలిచే శనగపచ్చ పురుగును బంతి తనవైపు లాక్కుంటుంది. 16 వరసల టమాటాకు ఒక వరస బంతి వేయమని బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు చేసింది. 45 రోజుల బంతి నారును 25 రోజుల టమాటా నారుతోపాటు ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి, పురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. బంతి వేరులోని పదార్థాలు నులిపురుగులనూ అదుపులో ఉంచుతాయి. టమాటా వేసిన నేలలోనే పూల మడి వేసుకునేవాళ్లు ఒక పంటకాలం బంతి వేసి ఆ తర్వాత రుడ్‌బెకియా నాటుకుంటే మంచిది.

విత్తనం కట్టుకోవాలంటే చివరి పూలను కాడ మీదే ఎండనివ్వండి. దిమ్మ నల్లబడి, వేలితో నొక్కితే గింజలు రాలుతాయి. సంకర రకాల గింజ తల్లిలా రాదు, మామూలు రకాలదే దాచుకోండి. రెండు మూడు కాలాలు మీ ఊళ్లోనే విత్తి, అందరికన్నా ముందు పూసిన మొక్క గింజనే మళ్లీ విత్తుతూ పోతే, మన రాత్రులకు కొంతైనా ఓర్చుకునే మొక్కలను ఏరుకోవచ్చు. ఏ తేదీన విత్తారో, ఏ రాత్రి దీపం వెలిగించారో, ఏ రోజు మొగ్గ కనిపించిందో గోడ క్యాలెండరు మీద రాసుకోండి. కుప్పం వాళ్లూ పుంగనూరు వాళ్లూ ఆ తేదీలు ఒకరికొకరు చెప్పుకుంటే ఈ ప్రాంతానికంటూ ఒక సాగు పట్టిక తయారవుతుంది. ఇక మరిచిపోకూడని జాగ్రత్త ఒకటుంది. ఇంట్లో చామంతి కుండీలుంటే వాటిని రుడ్‌బెకియా బల్బు వెలుగు పడని మూలకు, ఇంటి అవతలి వైపుకు మార్చండి. లేదంటే ఆ దీపానికి ఇది పూస్తుంది, అది పూయదు.